బురుజుకు వీపు పెట్టి

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు కర్నూలులో, పాతబస్తీలో స్టూడియో నడిపే ఒక ఫొటోగ్రాఫర్ కాలేజీ విద్యార్థులతో మాట్లాడిన మాటల పాఠం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి దించు బాబూ, నేను అంత ఎత్తు లేను. ఆ, చాలు.

ముందు ఒక పని చేద్దాం. మీ ఫోన్లు బయటికి తీయండి. మీటింగ్ అంటే ఫోన్లు లోపల పెట్టమంటారు, నేను తీయమంటున్నాను. మీ గ్యాలరీలో కొండారెడ్డి బురుజు ఫొటో ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. సరే, దాదాపు హాలంతా ఎత్తారు. ఇప్పుడు చెప్పండి, బురుజు ముందు నిలబడి, దానికి వీపు పెట్టి, ఎదురుగా ఏముందో తీసినవాళ్లు ఎంతమంది? ఒక్కరు. ఏం తీశావమ్మా? సెల్ఫీనా? సెల్ఫీలో నువ్వు వీపు పెట్టావు గానీ ఫోను మళ్లీ బురుజునే చూసింది కదా తల్లీ. (నవ్వులు)

నేను మాట్లాడదామనుకున్నది ఆ ఎదురుగా ఉన్నదాని గురించి.

బురుజుకు మనతో పని లేదు. దాన్ని చూసుకోవడానికి పురావస్తు శాఖ ఉంది, తీయడానికి సినిమావాళ్లు ఉన్నారు. మీ మనవలు కూడా దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు, అప్పటికీ అది ఇట్లాగే ఉంటుంది. ఎదురుగా ఉన్న దుకాణాల సంగతి అట్లా కాదు. పోయిన సంక్రాంతికి ఉన్న బోర్డు ఈ సంక్రాంతికి ఉండదు. పైన ఉన్న మట్టి మిద్దె ఒకరోజు పొద్దున్నే పలుగూ పారా చప్పుడుతో కిందికి దిగిపోతుంది. ఆర్నెల్లకు అక్కడ నాలుగంతస్తులు లేస్తాయి, కింద సెల్‌ఫోన్ల షాపు. ఇంకో ఏడాదికి ముందు అక్కడ ఏముండేదో పక్కింటివాళ్లు కూడా చెప్పలేరు. "ఏదో పాత ఇల్లుండె" అంటారు. అంతే.

ఫొటోగ్రఫీ అంటే మన పిల్లలు హైదరాబాద్ పోతారు. చార్మినార్ దగ్గర తెల్లారుజామున ఫొటోవాక్ చేస్తారు, పావురాలు ఎగురుతుంటే తీస్తారు. తీయండి, తప్పు లేదు. కానీ 2011 జనాభా లెక్కలకే నాలుగు లక్షలు దాటిన ఊరు మనది. రెండు నదుల మధ్య పాత ఊరు, చుట్టూ పెరిగిపోతున్న కొత్త ఊరు. నంద్యాల చెక్‌పోస్టు దాటితే ప్లాట్లు, బళ్లారి చౌరస్తా దాటితే ప్లాట్లు. ఇంత ఊరు ఇంత వేగంగా మారుతుంటే, "కర్నూల్లో ఏముంది సార్ తీయడానికి?" అని నన్ను అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇవాళ ఆగస్టు 19 కదా, ఆ తారీఖు ఎందుకో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1839లో ఇదే రోజున ఫ్రాన్స్ ప్రభుత్వం డాగెర్ అనే ఆయన కనిపెట్టిన ఫొటో పద్ధతిని లోకానికి వెల్లడించింది. అంతకు ముందు ఏడాదే ఆయన పారిస్‌లో తన కిటికీలోంచి కింది వీధిని తీశాడు. ఒక్క ఫొటోకు నిమిషాలు పట్టే రోజులవి. బండ్లు, గుర్రాలు, నడిచే జనం ఎవరూ అందులో పడలేదు. పట్టపగలు వీధంతా కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీగా ఉంటుంది. ఒక మూలన బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషి మాత్రం పడ్డాడు. మన షరాఫ్ బజార్‌ను ఆ కెమెరాతో తీసుంటే బంగారం కొనడానికి వచ్చిన వెయ్యిమంది మాయమైపోయి, అరుగు మీద బీడీ కాల్చుకుంటున్న తాత ఒక్కడు మిగిలేవాడు.

తర్వాత కొన్నేళ్లకు అదే పారిస్‌లో పాత సందులన్నీ పడగొట్టి వెడల్పు రోడ్లు వేశారు. అప్పుడు అక్కడి నగరపాలక సంస్థ ఒక మంచి పని చేసింది. పోబోయే సందుల్ని పోకముందే తీసిపెట్టమని షార్ల్ మార్విల్ అనే ఫొటోగ్రాఫర్‌కు పని అప్పగించింది. ఆయన నాలుగు వందలకు పైగా ఫొటోలు తీశాడు. స్కాట్లాండ్‌లో గ్లాస్గో ఊళ్లో కూడా 1868 నుంచి 1871 దాకా థామస్ ఆనన్ అనే ఆయన, కూల్చబోయే బీదవాళ్ల ఇరుకు సందుల్ని తీశాడు. వెలుతురు సరిగా దూరని సందులవి. ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి వెలుతురు పడనిచ్చే సమయం, ఎక్కువ ఇవ్వాల్సి రావడంతో, కదలకుండా నిలబడలేని పిల్లలు ఆ ఫొటోల్లో పొగలాగా కనిపిస్తారు. పైన తీగల మీద ఆరేసిన బట్టలు గాలికి ఊగి తెల్లటి మరకల్లాగా పడ్డాయి.

మన దగ్గర కూడా కూల్చేముందు గుర్తు పెట్టుకునే పద్ధతి ఉంది. గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి, పక్కన ఎన్ని అడుగులు పోతుందో రాస్తారు. (నవ్వులు)

నాకు వాళ్లందరికన్నా దగ్గరివాడు అట్‌జే. యూజీన్ అట్‌జే. ఎవరూ పని చెప్పకుండానే ముప్పై ఏళ్లు పారిస్ పాత వీధులు తీశాడు. దుకాణాల ముంగిళ్లు, మెట్లు, తలుపులు, గంప నెత్తిన పెట్టుకుని అమ్ముకునేవాళ్లు. అప్పటికే పాతబడిపోయిన బరువైన కెమెరాను మోసుకుని తిరిగేవాడు. ఆ ఫొటోలను బొమ్మలు గీసేవాళ్లకు, లైబ్రరీలకు, మ్యూజియాలకు అమ్ముకుని బతికాడు. మా స్టూడియోవాళ్ల బతుకే అనుకోండి. తాను తీసేవి కళాఖండాలని ఎప్పుడూ అనుకోలేదు, పత్రాలు అన్నాడు. 1927లో ఆయన పోయాక, బెరనీస్ ఆబట్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ ఆయన దగ్గర మిగిలిన నెగటివ్‌లు కొని కాపాడింది. ఆమె న్యూయార్క్‌కు తిరిగిపోయి, మారిపోతున్న ఆ ఊరిని తీయడం మొదలుపెట్టింది. చూడండి, పారిస్ సందుల అలవాటు న్యూయార్క్‌కు అంటుకుంది. కర్నూలుకు ఎందుకు అంటుకోకూడదు?

కాపాడడం అన్నాను కాబట్టి నా తప్పు కూడా చెప్పాలి. దీనికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, ఓపిక పట్టండి.

మా నాన్న పాతబస్తీలో స్టూడియో పెట్టింది అరవైల చివర్లో. పాస్‌పోర్టు సైజులు, పెళ్లిళ్లు, చెవులు కుట్టించడాలు, సున్తీ ఫంక్షన్లు, రిటైర్మెంట్ గ్రూపు ఫొటోలు. తీసిన ప్రతి నెగటివ్‌ను కవర్లో పెట్టి, నంబరు వేసి, రేకు పెట్టెల్లో దాచేవాడు. "మళ్లీ ఎప్పుడైనా కాపీ అడిగితే?" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. అడిగేవాళ్లు తక్కువ, పెట్టెలు ఎక్కువ. 2009 నాటికి మా గోడౌన్‌లో పదకొండు పెట్టెలు ఉండేవి.

2009 అక్టోబర్ 2. మీలో చాలామంది అప్పుడు చంటిపిల్లలు, కొందరు పుట్టే ఉండరు. ఎగువన కుండపోత. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి వచ్చాయి, దిగువన శ్రీశైలం నిండిపోయి నీళ్లు ముందుకు పోవడం లేదు. రెండు నదుల మధ్య ఉన్న ఊరు ఏం కావాలో అదే అయ్యింది. గాంధీ జయంతి రోజున పాతబస్తీ జనం మిద్దెల మీద ఉన్నారు. మేమూ ఉన్నాం, పక్కింటివాళ్ల రెండో అంతస్తులో. ఆ రాత్రి గురించి నేను మాట్లాడను. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, చెబుతారు.

నీళ్లు తీశాక షాపు షట్టర్ ఎత్తితే మోకాలి దాకా బురద. పెట్టెలు తెరిచాను. కవర్లు ఉబ్బిపోయి, నీళ్లు కారుతున్నాయి. నాకు తోచింది ఏమిటి? ఎండలో పెట్టడం. తడిసిన బియ్యాన్ని ఎండబెడతాం, తడిసిన పుస్తకాల్ని ఎండబెడతాం, నెగటివ్‌లు కూడా అంతే అనుకున్నాను. పది పెట్టెలు మిద్దె మీద పరిచాను. అక్టోబర్ ఎండ, బాగా కాసింది. సాయంత్రానికి పోయి చూస్తే ప్రతి కట్టా ఒక ఇటుక. విడదీయబోతే బొమ్మ పొర ఊడి పక్కదానికి అంటుకుని వచ్చింది. నెగటివ్ మీద ఉండేది జెలటిన్ పొర. తడిస్తే మెత్తబడుతుంది, ఒకదానిమీద ఒకటి ఉండగా ఆరితే బంకలాగా పట్టేస్తుంది. అసలు చేయాల్సింది దీనికి పూర్తిగా తిరుగుడు. ఆరనీయకుండా మంచినీళ్ల బకెట్లో వేసి, మెల్లగా కడిగి, తడిగా ఉండగానే ఒక్కొక్కటీ విడదీసి, క్లిప్పు పెట్టి వేలాడదీయాలి. ఇది నాకు పది రోజుల తర్వాత తెలిసింది. ముప్పై ఐదేళ్లకు పైగా మా నాన్న దాచినదాన్ని నేను ఒక్క మధ్యాహ్నంలో కాల్చేశాను. వరద కాదు, నేను. ఆ మాట ఇప్పటికీ అంటాను.

మా నాన్న ఏమీ అనలేదు. ఒక కట్ట చేతిలోకి తీసుకుని, నంబరు చదివి, మళ్లీ అక్కడే పెట్టాడు.

పది పెట్టెల సంగతి చెప్పాను. పదకొండోది మూత బిగుసుకుపోయి రాలేదు. విసుగొచ్చి ఒక మూలకు నెట్టేశాను. ఆ పది రోజుల తర్వాత సుత్తితో కొట్టి తెరిస్తే లోపల ఇంకా నీళ్లున్నాయి. వాసన, బూజు, అన్నీ ఉన్నాయి, కానీ ఆరలేదు! మూడు బకెట్లు పెట్టుకుని రెండు రాత్రులు కడిగాం, నేనూ మా ఆవిడా. నూట ఎనభై దాకా దక్కాయి.

అవి స్కాన్ చేసి చూసుకుంటుంటే నాకు ఈ పిచ్చి పట్టింది. అందులో ఒక పెళ్లి ఊరేగింపు ఉంది. పెళ్లికొడుకు కళ్లజోడు, పెళ్లికూతురు తల వంచుకుని ఉంది. ఎవరో తెలియదు, నంబరు పుస్తకం కూడా నీళ్లలో పోయింది. కానీ వాళ్ల వెనకాల వీధి ఉంది. చేత్తో రాసిన కిరాణా బోర్డు. పక్కనే జట్కా, గుర్రం నోటికి గడ్డి సంచి. మిద్దె పిట్టగోడ మీద వరసగా పిల్లలు కూర్చుని ఊరేగింపు చూస్తున్నారు. అరుగు మీద ఒకాయన గడ్డం గీయించుకుంటూ, సబ్బు నురగ ముఖంతోనే కెమెరా వైపు తిరిగాడు. మా నాన్న వాటిలో ఒక్కటి కూడా తీయాలని తీసుండడు. ఆయన దృష్టి అంతా పెళ్లికొడుకు టోపీ వంకర పోకుండా చూసుకోవడం మీదే. డబ్బులిచ్చిన మొహాలు మధ్యలో పడ్డాయి. ఊరు అంచుల్లో పడింది.

అందుకే మీకు ఒకటి చెబుతాను, క్రాప్ చేయకండి. మీరు వద్దని కోసేసే కరెంటు తీగలు, గోడ మీద ట్యూషన్ పోస్టరు, నీళ్ల డ్రమ్ము, అవే ముప్పై ఏళ్ల తర్వాత ఎవరైనా వేలు పెట్టి చూపించేవి.

ఇక నేను చేసిన పని. 2010 నుంచి ప్రతి ఏడాదీ అక్టోబర్ మొదటి వారంలో పాతబస్తీలో పన్నెండు చోట్ల నిలబడి పన్నెండు ఫొటోలు తీస్తున్నాను. అదే చోటు, అదే ఎత్తు, అదే లెన్స్. మొదట్లో వరద గీత కోసం తీశాను. గోడల మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో బురద గీత ఉండేది కదా, అది ఎప్పటికి పోతుందో చూద్దామని. చాలా ఇళ్లలో రెండు దీపావళి సున్నాలకు పోయింది. ఒక ఇంట్లో మాత్రం పెద్దాయన ఆ గీత మీద మేకుతో గీసి, ప్రతి సున్నానికీ దాన్ని వదిలేసి వేయించేవాడు. కోడలు ఒప్పుకునేది కాదు. ఇద్దరికీ ఏటా గొడవే.

ఆ పన్నెండులో ఒకటి జమ్మిచెట్టు వైపు ఒక సందులో ఉంది. దాని గురించి చెప్పి తీరాలి. పాత ఇల్లు, టేకు తలుపు, ముందు నాపరాళ్ల మెట్లు. నాపరాయి మన ఉమ్మడి కర్నూలు జిల్లా రాయి, బేతంచెర్ల నుంచి లారీల్లో దేశమంతా పోతుంది. ఎనిమిదేళ్లు ఆ తలుపు తీశాను, నాకేమీ కనబడలేదు. తలుపు రంగు మారింది, పక్కనున్న ఎస్‌టీడీ బూత్ జిరాక్స్ షాపయ్యింది, జిరాక్స్ షాపు రీఛార్జ్ షాపయ్యింది. ఇవి రాసుకున్నాను. ఒకరోజు మా అమ్మాయి ఆ ప్రింట్లను నేల మీద వరసగా పరిచి ఆడుకుంటూ, "నాన్నా, ఈ ఇంటికి మెట్లు తగ్గిపోతున్నాయి" అంది.

వంగి చూశాను. 2010లో మూడు మెట్లు. 2013లో రెండున్నర, కింది మెట్టు సగం కనిపిస్తోంది. 2016లో రెండు. 2018లో ఒకటి. ఎవరూ మెట్లు పగలగొట్టలేదు. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయారు, రోడ్డు ఎత్తు పెరిగింది, మెట్లు దాని కిందికి పోయాయి. ఇప్పుడు ఆ ఇంట్లోకి పోవాలంటే ఎక్కనక్కర్లేదు, ఒక అడుగు కిందికి దిగాలి. గడపకు అడ్డంగా ఇటుకలు పెట్టి సిమెంటు పూశారు, వానొస్తే నీళ్లు లోపలికి రాకుండా. వరదలో మునిగిన ఇల్లు, మామూలు వానకు భయపడుతోంది.

ఆ ఇంట్లో ఉండేవాళ్లను అడిగితే వాళ్లూ గమనించలేదు. "అవును సార్, మా అత్త కాలంలో మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరేవాళ్లం" అంది ఆ ఇల్లాలు. ఎప్పటి నుంచి ఏరడం మానేశారో గుర్తు లేదు. రోజూ ఆ గడప దాటేవాళ్లకు కనబడలేదు, ఏడాదికొకసారి పోయి కెమెరా పెట్టిన నాకూ కనబడలేదు. వరసగా పరిస్తే ఆరేళ్ల పిల్లకు కనబడింది.

పోయిన ఏడాది ఆ వీధిలోనే ఇంకో ఇంటాయన మా షాపు వెతుక్కుంటూ వచ్చాడు. కాలువ పని మొదలైంది, ఆయన అరుగు కాలువ జాగాలోకి వచ్చిందని అంటున్నారట. "మా అరుగు నలభై ఏళ్ల నుంచి ఉంది, ముందుకు జరపలేదు. మీ దగ్గర పాత ఫొటో ఉందంట గదా" అన్నాడు. ఉంది. మెట్ల ఇల్లు తీసినప్పుడు అంచులో ఆయన అరుగు పడింది. 2010ది, 2017ది పక్కపక్కన ప్రింటు వేసి ఇచ్చాను. డబ్బులు ఇవ్వబోయాడు, తీసుకోలేదు. నేను కళాకారుణ్ణి కాదు, పత్రాలు తీసేవాణ్ణి అని అట్‌జే మాట గుర్తొచ్చి లోపల్లోపల కొంచెం గర్వపడ్డాను. అరుగు సంగతి ఇంకా తేలలేదు.

ఇక మనుషుల దగ్గరికి వద్దాం, మీకు అసలు కష్టం అక్కడే. కెమెరా పట్టుకుని సందులోకి పోయి ఇంటి వైపు గురిపెడితే మన ఊళ్లో ఎవరైనా మొదట అడిగేది "ఏ చానల్?" అని కాదు. మొదటి సంవత్సరం, బుధవారపేటలో ఒక అవ్వ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి చేతులు తుడుచుకుని లేచి, "ఎన్నడుగులు పోతాది నాయనా?" అని అడిగింది. నాకు ముందు అర్థం కాలేదు. రోడ్డు వెడల్పు కోసం కొలతలకు వచ్చాననుకుంది. "నేను ఆఫీసోణ్ణి కాదవ్వా, ఫొటోలు తీసేవాణ్ణి" అన్నాను. "మొన్న వచ్చినోడు గూడా అట్లనే అన్యాడు" అంది. ఆమెను నమ్మించడానికి మూడు సార్లు పోవాల్సి వచ్చింది. మూడోసారి ఆమె ఫొటో ప్రింటు వేసి పట్టుకుపోయాను. చూసి, "గింజలు గూడా పడినాయే" అంది. అప్పటి నుంచి సందులో ఎవరైనా నన్ను ఆపితే ఆమే సమాధానం చెప్పేది.

కాబట్టి ముందు కెమెరా తీయకండి. టీ తాగండి. రోజా వీధి వైపు ఒక టీ బంకు ఉంది, ఆ భాయ్ నన్ను చూస్తే చాలు "క్యా భాయ్, ఫిర్ ఆగయే?" అంటాడు. ఆయన అట్లా గట్టిగా అనడం వల్లే చుట్టుపక్కలవాళ్లు నన్ను అనుమానంగా చూడడం మానేశారు. ఫొటో ఇస్తానని చెప్పి ఇవ్వనివాడికి రెండోసారి ఆ సందులో టీ పుట్టదు. వాట్సాప్‌లో పంపిస్తే సరిపోదు, ప్రింటు ఇవ్వండి. పది రూపాయల పని.

ఒకటి మాత్రం నాకు అస్సలు నచ్చదు, ఎవరైనా నొచ్చుకున్నా చెబుతాను. బీటలు వారిన గోడ, దాని ముందు ముసలాయన ముడతల ముఖం, బ్లాక్ అండ్ వైట్, కాంట్రాస్ట్ బాగా పెంచి, పోటీకి పంపడం. ప్రైజులు వస్తాయి. నాకూ ఒకటి వచ్చింది, మా షాపులో షీల్డు ఉంది. ఆ ఫొటోలో ఉన్న పెద్దాయన పేరు నాకు తెలియదు. అది ఏ వీధో కూడా ఇప్పుడు చెప్పలేను, ఎందుకంటే గోడ తప్ప ఏమీ లేకుండా కోసేశాను. ఆయన మనవడు వచ్చి "మా తాత ఇల్లు ఎక్కడుండేది?" అని అడిగితే నా షీల్డు ఏమీ చెప్పదు. మా నాన్న పెళ్లి ఫొటో చెబుతుంది.

పాతబస్తీ ఒక్కటే అనుకోకండి. ఏ క్యాంప్, బీ క్యాంప్, సీ క్యాంప్. రోజూ ఆటోవాళ్లు "సీ క్యాంప్, సీ క్యాంప్" అని అరుస్తుంటారు, ఏ సైన్యం క్యాంపో అనుకుంటారు బయటివాళ్లు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు రాజధాని మన ఊరే. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. ఆఫీసులకు ఇళ్లు చాలక డేరాలు వేశారు. వచ్చిన ఉద్యోగుల కోసం కట్టిన క్వార్టర్లే ఈ క్యాంపులు. 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాద్‌కు పోయింది, పేర్లు మాత్రం మిగిలాయి. మూడేళ్ల రాజధాని గురించి ఊరంతా ఉపన్యాసాలు చెబుతారు. ఆ క్వార్టర్ల కిటికీ ఎట్లా ఉండేదో, వాకిట్లో ఏ చెట్టు ఉండేదో తీసినవాళ్లు తక్కువ. ఈ సెలవుల్లో వెళ్లి తీయండి. రైతు బజార్‌కు వచ్చిన కూరగాయల బండ్లు కూడా పడనివ్వండి.

కేసీ కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ ఉంది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీవాళ్లు పడవలు కూడా నడపాలని తవ్విన కాలువ. ఊళ్లోనే అది హంద్రీ మీదుగా వంతెన ఎక్కి దాటుతుంది. కింద ఒక నది, పైన ఒక కాలువ. ఇంకో ఊళ్లో అయితే టికెట్ పెట్టేవాళ్లు. హంద్రీ ఒడ్డునే, కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ సమాధి గుమ్మటాలు ఉన్నాయి, బీజాపూర్ సుల్తానుల కాలంవి. పర్యాటకులు వాటినీ బాగానే తీస్తారు. వాటి చుట్టూ ఉన్న ఇళ్లు తీయండి.

బోర్డుల మాట కూడా ఒకటి. చేత్తో రాసే పెయింటర్లు ఉండేవాళ్లు, అక్షరానికి నీడ వేసి, తలకట్టు దగ్గర కుంచె ఒక్క ఊపుతో తిప్పేవాళ్లు. ఫ్లెక్స్ వచ్చాక వాళ్ల పని పోయింది. అలాంటి ఒకాయన ఇప్పుడు ఆటోల వెనక పేర్లు రాస్తున్నాడు. నాతో అన్నాడు: "ఫ్లెక్సు మన ఎండకు రెండేండ్లలో వెలిసిపోతాది, మళ్లా చేయించుకుంటారు. నేను రాసింది ఇరవై ఏండ్లు ఉంటాది. అదే నేను చేసిన తప్పు." ఆయన రాసినవాటిలో నేను తీసినవి పద్నాలుగు బోర్డులు. ఇప్పుడు గోడల మీద మిగిలింది రెండే.

ప్రశ్న ఏంటమ్మా? ఏ కెమెరా కొనాలి? నీ చేతిలో ఉన్నదే. కాకపోతే ఇరుకు సందులో అంతా పట్టాలని ఫోన్లో పాయింట్ ఫైవ్, అదే వెడల్పు లెన్సు, పెట్టకు, గోడలు తాగినవాళ్లలాగా ఒరిగిపోతాయి. వన్ ఎక్స్‌లో ఉంచి, ఎదురింటి అరుగు ఎక్కి, ఫోను నిటారుగా పట్టుకో. పైకి ఎత్తితే ఇల్లు వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. మన ఊళ్లో ఎండ సంగతి తెలుసుగా. మధ్యాహ్నం సందులో సగం తెల్లగా కాలిపోయి ఉంటుంది, సగం మసి. పొద్దున ఎనిమిదిలోపు ముగించు, లేదంటే ఇప్పుడున్నట్టు మబ్బు పట్టిన రోజు చూసుకో. ఒక ఇల్లు తీస్తే ఎదురిల్లు కూడా తీయి. వెనక్కి తిరగడానికి ఎంతసేపు?

ఇంటికి వచ్చాక అసలు పని. ఏ వీధి, ఏ మూల, ఎటు చూస్తూ తీశావు, తారీఖు, ఇంట్లోవాళ్లు చెప్పిన మాట. నోటుబుక్కులో రాయి. నంబరు పుస్తకం నీళ్లలో పోతే ఏమవుతుందో నన్ను చూస్తున్నావుగా, అందుకని రెండు చోట్ల రాయి. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకుంటే ఫొటో కుంచించుకుపోతుంది, ఎక్కడ తీశావన్న వివరం కూడా దానితో పాటు రాదు. అసలు ఫైలు వేరే దాచు. ఏడాదికి ఇరవై అయినా ప్రింటు వేయించు. మా షాపులోనే వేయించమని చెప్పడం లేదు. (నవ్వులు) వేయించినా కాదనను.

టైమ్ అయిపోయిందని సార్ సైగ చేస్తున్నారు. ఒక్క మాట, చెప్పి దిగిపోతాను. ఈ ఆదివారం పొద్దున ఆరున్నరకు రాగలిగినవాళ్లు బురుజు దగ్గరికి రండి. పక్కనే బండి మీద ఉగ్గాని, బజ్జీ వేడివేడిగా ఉంటాయి, ముందు అవి తిందాం. బురుజు ఫొటో తీసుకునేవాళ్లు నేను వచ్చేలోపే తీసేసుకోండి. జమ్మిచెట్టు దాకా నడిచిపోదాం. ఆ మెట్ల ఇంట్లోకి దిగేటప్పుడు జాగ్రత్త, గడప దగ్గర ఇటుకలు ఉన్నాయి, కాలు తట్టుకుంటుంది.